రోజుకొక్క శాతం మెరుగు

చార్టాయన పద్దెనిమిదేళ్లు ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. తొమ్మిదిన్నరకి వెళ్లేవాడు, ఐదున్నరకి వచ్చేవాడు. మధ్యలో ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, "కుర్చీని కనిపెట్టుకుని ఉండేవారు" అని భార్య చెప్పేది. ఒకరోజు కంపెనీ ఆ ఊళ్లో ఆఫీసు ఎత్తేసింది. కుర్చీలను వేలం వేశారు. మనుషులకి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. నలభై నాలుగేళ్ల వయసులో ఆయనకి ఉద్యోగం పోయిందన్న దిగులు కన్నా, పొద్దున తొమ్మిదిన్నరకి ఎక్కడికి వెళ్లాలో తెలియని దిగులు ఎక్కువైంది.

అప్పటికింకా ఆయన చార్టాయన కాలేదు. ఆ పేరు రావడానికి మేనమామ కారణమయ్యాడు.

మేనమామకి వీధి మలుపులో ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే బల్ల, అదే రంపం, గోడవారన నిలబెట్టిన అవే చెక్కపట్టీలు. ఈమధ్య ఆయన చేతులు వణకడం మొదలైంది. రంపం పట్టే చెయ్యి వణికితే సర్దుకోవచ్చు గాని, గాజు కోసే చెయ్యి వణికితే కుదరదు. పక్కనున్న మందుల షాపాయన మధ్య గోడ పగలగొట్టి తన షాపు పెద్దది చేసుకోవాలని చాన్నాళ్లుగా కాచుకుని ఉన్నాడు. వారానికోసారి వచ్చి, "పెద్దాయనా, ఒంట్లో ఎలా ఉంది?" అని గోడ వంక చూస్తూ అడిగేవాడు.

మేనమామ మేనల్లుణ్ణి పిలిపించాడు.

"ఒరేయ్, పని నీకు కొత్త కాదు. చిన్నప్పుడు సెలవులన్నీ ఈ బల్ల దగ్గరే గడిపావు. ఆరు నెలలు నడిపి చూడు. నిలబెట్టావా, కొట్టు నీది. లేదంటే మందులాయనకి ఇచ్చేస్తా."

"అంత మాట అంటావేంటి మావయ్యా? నీ చేతులమీదుగా పెరిగిన కొట్టు."

"చేతులే పోయాయి, ఇంక వాటిమీదుగా పెరిగిందేముంది? ముసలాణ్ణి, మందులతో నాకూ పనుంది. ఆరు నెలలు. సరేనా?"

సరేనన్నాడు. ఇంకొకరైతే మర్నాడే తాళం తీసి, బూజు దులిపి, బల్ల తుడుచుకుని కూర్చునేవారు. ఈయన మాత్రం కొట్టు కన్నా ముందు తనను తాను సిద్ధం చేసుకోవాలనుకున్నాడు. అందుకు పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజులూ ఫోనులో ఒక పెద్దమనిషి ఉపన్యాసాలు విన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, తెల్ల గోడ ముందు నిలబడి, జీవితంలో ఎన్నడూ ఒక్క కొట్టు కూడా నడపని నిబ్బరంతో ఆ పెద్దమనిషి వ్యాపారం గురించి చెప్పేవాడు. వ్యాపారం మనం చేసేది కాదట, మనం అయ్యేదట. రోజుకొక్క శాతం మెరుగుపడితే చాలట, ఏడాదికి మనల్ని మనమే గుర్తుపట్టలేమట. "అదేదో మాకిప్పటికే అలవాటైంది" అంది భార్య.

పన్నెండోరోజున కూతురి డ్రాయింగు షీటు ఒకటి తీసుకుని, స్కేలు పెట్టి గళ్లు గీసి, పద్నాలుగు అలవాట్లు రాసి, కొట్టులో బల్ల ఎదురుగా అతికించాడు. నాలుగూ నలభై ఐదుకి లేవడం. చన్నీళ్ల స్నానం. పది నిమిషాల మౌనం. కృతజ్ఞత చెప్పుకోదగ్గ మూడు విషయాలు నోటు పుస్తకంలో రాయడం. ఇరవై పేజీలు చదవడం. ఆరువేల అడుగుల నడక. ఎనిమిది గ్లాసుల నీళ్లు. పది నుంచి పన్నెండు దాకా ఏకాగ్రత. రోజుకి ఒక్కదానికైనా 'కాదు' అని చెప్పడం. ఇలా పోయి పోయి పదమూడోది, సాయంత్రానికి బల్ల ఖాళీగా ఉంచడం. పద్నాలుగోది, 'రేపు దీన్ని ఇంకెలా మెరుగుపరచగలను?' అని రాసుకోవడం. ఫ్రేములు కట్టడం అనేది ఆ పద్నాలుగింటిలో ఎక్కడా లేదు. అది దానంతటదే జరిగిపోతుందని ఆయన నమ్మకం. వీధిలో జనం మాత్రం వారం తిరక్కుండానే ఆయన్ని చార్టాయన అనడం మొదలుపెట్టారు.

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పరగడుపున వచ్చే జనం కోసం ఆరింటికే సూది పట్టుకుని కూర్చోవాలి. కాబట్టి తొమ్మిదేళ్లుగా ఆవిడ నాలుగున్నరకే లేస్తోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, గోడకి అతికించలేదు. మొదటిరోజు ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చేసరికి, ముందు గదిలో భర్త కళ్లు మూసుకుని, గోడకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఏమిటండీ, ఇంత పొద్దున్నే దొంగలా ఆ కూర్చోవడం?"

"మౌనం. పది నిమిషాలు."

"మాట్లాడేశారుగా. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోండి."

నిజంగానే మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడు. ఆవిడ టిఫిను డబ్బా కట్టుకుని, కూతుర్ని లేపి, నీళ్లు పట్టి, చెప్పులేసుకుని వెళ్లేదాకా ఆయన మౌనం పూర్తికాలేదు.

కూతురు పదో తరగతి. తండ్రి కృతజ్ఞతల నోటు పుస్తకం ఒకరోజు తెరిచి చూసింది.

"నాన్నా, ఊపిరి, సూర్యుడు, చెక్క అని రాశావు. చెక్క ఉంది గాని అమ్మ లేదేంటి?"

"రేపు రాస్తా."

"అమ్మా, నీకు రేపు అపాయింటుమెంటు దొరికింది," అని ఆ పిల్ల వంటింటివైపు కేకేసింది.

ఇంట్లో ఇలా ఉంటే కొట్టులో ఇంకా బాగుండేది. పదింటికి ఆయన షట్టరు సగం దించి, 'ఏకాగ్రత సమయం. దయచేసి పన్నెండు తర్వాత రండి' అని అట్ట తగిలించేవాడు. ఊళ్లో ఫ్రేము కట్టించుకోవాలనుకునేవాళ్లు సరిగ్గా పది నుంచి పన్నెండు మధ్యే వీధిలోకి వస్తారు. పిల్లలు బడికీ, మొగుళ్లు పనికీ వెళ్లాక, ఎండ ముదరకముందు వాళ్లకి దొరికే వ్యవధి అదే. వాళ్లు వచ్చి, వంగి, సగం దించిన షట్టరు కిందనుంచి చూసేవారు. లోపల రెండు కాళ్లు బల్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ కనిపించేవి. ఏకాగ్రతతో పాటు ఆరువేల అడుగులు కూడా అక్కడే పూర్తి చేసుకోవడం ఆయన కనిపెట్టిన చిట్కా. ఆ కాళ్లను చూసి ఒకావిడ మందుల షాపుకి వెళ్లి, "పక్క కొట్టాయనకి ఏమైనా బాగాలేదా?" అని అడిగిందట. "ఇంకో నాలుగు నెలల్లో తెలుస్తుందమ్మా" అన్నాడట మందుల షాపాయన, ఆశగా.

ఒక సాయంత్రం ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. వెంట తెచ్చిన నిలువెత్తు అద్దానికి ఫ్రేము కడతారా అని అడిగింది. కట్టడం వచ్చు. తగిన పట్టీ కూడా ఉంది. కాని టైము ఆరున్నర, ఆరోజు 'కాదు' అనే గడి ఇంకా ఖాళీగా ఉంది.

"కాదమ్మా. కట్టం," అన్నాడు ఎంతో ప్రశాంతంగా.

"కట్టరా? ఎందుకని?"

"అలా అనడం కూడా ఒక సాధన."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, అద్దాన్ని గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది. ఆయన గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

నాలుగు నెలలు గడిచేసరికి చార్టు మీద చార్టు అతికి గోడంతా టిక్కులే. నడుము రెండంగుళాలు తగ్గింది. మొహంలో కాంతి వచ్చింది. కొట్టుకి జనం రావడమే మానేశారు. మేనమామ రెండుసార్లు వచ్చి బల్లమీద వేలితో రాసి చూసి, రంపపు పొట్టు అంటకపోవడం గమనించి వెళ్లిపోయాడు. ఐదో నెలలో ఆయనకి కంటి ఆపరేషను పడింది. ఆరు వారాలు వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉండటానికి వెళ్లాడు. వెళుతూ, "వచ్చేసరికి ఆర్నెల్లు నిండుతాయిరా," అని గుర్తుచేశాడు.

ఆయన వెళ్లిన రెండో వారంలో బడినుంచి పెద్ద పని వచ్చింది.

చార్టాయన కూతురు చదివే బడే అది. వచ్చే నెలలో ఏదో వార్షికోత్సవం. బడి పెట్టిన నాటినుంచి ఇప్పటిదాకా పనిచేసిన ప్రధానోపాధ్యాయులు ఇరవైముగ్గురి ఫోటోలు ఒకే వరుసలో హాల్లో తగిలించాలట. ఫోటోలన్నీ ఒకే సైజులో అచ్చువేయించి, డ్రాయింగు మాస్టారు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. అదృష్టవశాత్తూ పన్నెండు దాటాక వచ్చాడు. ఇరవైమూడోది ఇప్పటి పెద్ద మేడం గారిదే.

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే కొట్టు నిలబడినట్టే. ఊరంతా ఆ హాల్లోంచి నడిచి వెళుతుంది. చార్టాయనకి అది అర్థమైంది. వెంటనే మేనమామకి ఫోన్ చేశాడు.

"ఇరవైమూడా? మంచిదే," అన్నాడు మేనమామ. "బల్లకి అడ్డుచెక్క కొట్టుకో. ఒకరోజు కోతంతా కోసెయ్. ఒకరోజు గాజు, ఒకరోజు అట్ట, ఆ తర్వాత బిగింపు. వారంలో ఇచ్చెయ్."

అడ్డుచెక్క అంటే అరచేయంత చెక్కముక్క. కావలసిన పొడవు దగ్గర దాన్ని బల్లకి మేకులతో కొట్టేస్తారు. పట్టీని దానికి ఆనించి కోస్తే వంద ముక్కలైనా వెంట్రుకవాసి తేడా రాకుండా ఒకే పొడవు వస్తాయి. కొలవక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. ఆ ఆలోచించక్కర్లేదన్న మాట దగ్గరే చార్టాయనకి మనసు విరిగింది. ఆలోచన లేకుండా వంద ముక్కలు కోసే మనిషి ఎదుగుదల ఏముంటుంది? "సరే మావయ్యా" అని ఫోను పెట్టేసి, గోడమీద చార్టు వైపు చూశాడు. చేతిలో నెలరోజులున్నాయి. రోజుకొక ఫ్రేము, కొలవడం మొదలుకొని కొక్కెం బిగించడం దాకా నిండు మనసుతో చేస్తే ఇరవైమూడు రోజుల్లో ఇరవైమూడు. పదిహేనో గడి గీసి, 'ఈనాటి ఫ్రేము' అని రాశాడు.

నిజం చెప్పాలంటే ఆ ఇరవైమూడు రోజులూ ఆయన చాలా శ్రద్ధగా పనిచేశాడు. మొదటి ఫ్రేముకి ఫోటో చుట్టూ తెల్ల అట్ట రెండంగుళాల అంచు వదిలాడు. సాయంత్రం పద్నాలుగో అలవాటు ప్రకారం రాసుకున్నాడు: 'అంచు కాస్త ఇరుకు. రేపు ఒక పిసరు విశాలంగా.' మర్నాడు ఒక పిసరు పెంచాడు. బాగుంది. ఆ సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. ఫోటోకి ఊపిరాడాలి అని ఆరోరోజున రాశాడు. పన్నెండోరోజున కొక్కెం కొంచెం పైకి జరిపితే ఫ్రేము ఒద్దికగా వేలాడుతుందని తోచింది, జరిపాడు. పదిహేడోరోజున ఇంకొంచెం. కట్టిన ఫ్రేమును కట్టినట్టే పాత పేపర్లో చుట్టి వెనక గదిలో పెట్టేసేవాడు, ఎందుకంటే సాయంత్రానికి బల్ల ఖాళీగా ఉండాలి కదా. రెండు ఫ్రేముల్ని పక్కపక్కన పెట్టి చూసుకునే పాడు అలవాటు చార్టులో లేదు.

ఇరవైమూడో ఫ్రేము నిజంగా అందంగా కుదిరింది. "చూశావా," అన్నాడు భార్యతో, "మొదటిరోజు నేనెక్కడ, ఈరోజు నేనెక్కడ?"

"మీరక్కడే ఉన్నారు. నేను షిఫ్టుకి వెళ్లాలి, కాస్త జరగండి."

గురువారం మధ్యాహ్నం ఫ్రేములన్నీ బడికి చేరాయి. సోమవారం ఉత్సవం. డ్రాయింగు మాస్టారు హాలు గోడకి ఈ కొసనుంచి ఆ కొసకి దారం లాగి కట్టి, ఇరవైమూడు మేకులు కొట్టించి పెట్టాడు. చార్టాయన ఒక్కొక్కటే పేపరు విప్పి అందిస్తుంటే మాస్టారు నిచ్చెన మీదనుంచి తగిలిస్తూ వెళ్లాడు. ఇద్దరూ గోడకి అతుక్కుని పనిచేస్తున్నారు కాబట్టి ఇద్దరికీ ఏమీ కనిపించలేదు. చివరిది తగిలించి, నిచ్చెన దిగి, వెనక్కి నడిచి చూశారు.

డ్రాయింగు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

బడి స్థాపించిన తొలి ప్రధానోపాధ్యాయుడు ఇరుకు గదిలో అద్దెకున్నవాడిలా ఉన్నాడు. అక్కణ్నుంచి ఒక్కొక్కరికీ జాగా పెరుగుతూ వచ్చింది. పదోవారికి వరండా వచ్చింది, పదిహేనోవారికి పెరడు వచ్చింది. పై అంచులు మెట్లమాదిరి లేచి, కొక్కెం జరిపిన చోట దిగి, మళ్లీ లేచాయి. చిట్టచివర పెద్ద మేడం, మొదటాయనకన్నా బెత్తెడు పెద్ద ఫ్రేములో, నాలుగు దిక్కులా తెల్లటి మైదానం మధ్య, చిరునవ్వు నవ్వుతూ కూర్చుని ఉంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ హాల్లోకి వచ్చింది. వరుస మొదటినుంచి చివరిదాకా నడిచి, తన ఫోటో దగ్గర ఆగింది.

"ఏమండీ, ఇదేమిటి?"

"క్రమంగా మెరుగుపడుతూ వచ్చింది మేడం," అన్నాడు చార్టాయన. ఆయన దగ్గర ఉన్న నిజం అదే.

"మెరుగుపడిందా? సోమవారం ఆ మొదటాయన మనవలు ముందు వరుసలో కూర్చుంటారు. మా తాతగారికి అగ్గిపెట్టె, ఈవిడకి సింహాసనమా అంటే నేనేం చెప్పాలి? నేనే దగ్గరుండి కొలత ఇప్పించి కట్టించుకున్నానని చెప్పుకోరూ?"

"లేదు మేడం, రోజుకొక్క శాతం..."

"శాతాలు నాకు చెప్పకండి, నేను లెక్కల టీచర్ని. ఆదివారం సాయంత్రానికి అన్నీ ఒక్క సైజులో ఉండాలి. లేదా ఫోటోలు నాకిచ్చెయ్యండి, వేరే చోట కట్టించుకుంటాను. పోనీ, ఫోటోలనే తలా ఒక మేకుకి గుచ్చేస్తాను."

కూతురు కిటికీ బయట స్నేహితురాళ్లతో నిలబడి ఇదంతా చూసింది. ఆ పూట ఆ పిల్లకి తండ్రి ఎవరో తెలియదు.

చార్టాయన ఇరవైమూడింటినీ ఆటోలో వేసుకుని కొట్టుకి వచ్చేసరికి, మేనమామ నల్ల కళ్లజోడుతో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే బస్సు దిగాడట. ఆర్నెల్లకి ఇంకా ఐదురోజులున్నాయి. చార్టాయన ఫ్రేములన్నీ గోడవారన వరుసగా నిలబెట్టాడు. మేనమామ నల్ల కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఆపరేషను చేసిన కన్ను చికిలించి చూశాడు.

"ఏరా, వీళ్లేమిటి, మొక్కల్లా పెరుగుతున్నారు?"

"తప్పయిపోయింది మావయ్యా."

"అడ్డుచెక్క కొట్టలేదా?"

"లేదు."

"మరి ఎలా కోశావు?"

"రోజుకొకటి. కొలుచుకుని."

"రోజూ కొలిచావా?" మేనమామ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇరవైమూడు సార్లు కొలిచావా? ఒరేయ్, ముప్ఫై ఎనిమిదేళ్లలో నేను మొత్తం అన్నిసార్లు కొలిచి ఉండనురా."

చార్టాయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. అలవాటుకొద్దీ నీళ్లగ్లాసు అందుకుని, చూసి, పక్కన పెట్టేశాడు. గోడకి అవతల మందుల షాపులో ఎవరికో బిల్లు వేస్తున్న చప్పుడు బాగా వినిపిస్తోంది. ఆ గోడ అంత పల్చనని ఆయన ఇంతకుముందు గమనించలేదు.

"ఇచ్చెయ్ మావయ్యా, ఆయనకే ఇచ్చెయ్," అన్నాడు. "నా వల్ల కాదు."

"ఇవ్వాలా వద్దా అన్నది ఐదురోజుల తర్వాత మాట. ముందు అన్నీ విప్పు. పెద్దవాటిని కోసి చిన్నవి చెయ్యొచ్చు. చిన్నదాన్ని లాగి పెద్దది చెయ్యలేం. కాబట్టి అన్నీ మొదటిదాని సైజుకి రావాలి."

"అన్నీ మొదటిదానికా? అది అన్నిటికన్నా నాసిగా కుదిరింది. పోనీ పన్నెండోదాని సైజు తీసుకుందాం. అంచు కూడా..."

"పన్నెండోదాని సైజుకి మొదటి పదకొండింటిని ఏం పెట్టి పెంచుతావురా, నీళ్లు పోసా?"

శుక్రవారం పొద్దున చార్టాయన నాలుగూ నలభై ఐదుకే లేచాడు. మౌనంగా కూర్చోలేదు. కూర్చుంటే పెద్ద మేడం గొంతు వినిపిస్తోంది. ఆరుకల్లా కొట్టు తెరిచాడు. తెరిచిన తర్వాత, ఈ వీధి ఆరింటికి ఎలా ఉంటుందో ఇన్ని నెలల్లో ఎప్పుడూ చూడలేదని తెలిసింది. పాలవాడు, పేపరువాడు, రొట్టెల కొట్టాయన అందరూ అప్పటికే పనిలో ఉన్నారు. ఎవరి గోడమీదా చార్టు లేదు.

మేనమామ వచ్చి అడ్డుచెక్క ఎక్కడ కొట్టాలో వేలితో చూపించాడు. మేకులు చార్టాయనే కొట్టాడు. భార్య ల్యాబులో మూడు రోజులు సెలవు పెట్టి, తొమ్మిదింటికి ఒక చిన్న పట్టకారుతో వచ్చింది.

"మీరు కొయ్యండి, నేను వెనక మేకులు పీకుతాను. జనం చేతుల్లో నరం వెతికేదాన్ని, చెక్కలో మేకు దొరక్కపోదు."

"సెలవిచ్చారా?"

"తొమ్మిదేళ్లలో మొదటిసారి అడిగాను. నాకేదో పెద్ద జబ్బనుకుని వెంటనే ఇచ్చేశారు."

ఆవిడ విప్పుతుంటే, ఆయన పట్టీని చెక్కకి ఆనించి కోశాడు. రంపం దాటగానే చివరినుంచి సన్నటి ముక్క ఒకటి తెగి నేలమీద పడేది. రెండో ఫ్రేముది గోటి మందం, ఐదోదానిది వేలి మందం, ఇరవైమూడోదానిది బెత్తెడు. ఇరవైరెండు రోజుల పురోగతి సాయంత్రానికి చీపురుకట్టకి పని పెట్టేంత పోగైంది. ఆయన దాని వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. ఊడ్చింది మేనమామ.

తొమ్మిదో ఫ్రేము దగ్గర చెయ్యి ఆగింది.

"మావయ్యా, మూల దగ్గర కోతని కొంచెం లోపలికి వాలిస్తే..."

"చెక్కకి ఆనించు. కొయ్యి."

పద్నాలుగోదాని దగ్గర, "కొక్కెం ఒక పిసరు..."

"ఆనించు. కొయ్యి."

"కొక్కెం కొయ్యడానికి లేదు కదా మావయ్యా."

"అయితే మాట్లాడకుండా బిగించు."

శనివారమంతా గాజు పని. పెద్ద ఫ్రేముల గాజుని కోసి చిన్నది చెయ్యడం తేలికే. రెండో ఫ్రేము మొదలు మూడు నాలుగింటితోనే వచ్చింది చిక్కు. గోటి మందం తేడా ఉన్న గాజుని కోస్తే గీత వెంట విరగదు, తన ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది. వాటికి కొత్త గాజు తెప్పించారు. వజ్రపు కలంతో గాజుమీద ఒకే ఒక్క గీత గియ్యాలి. గీసినచోట మళ్లీ గీస్తే పలక పగులుతుంది. చార్టాయన మొదటి పలకమీద గీసి, బాగా పడలేదేమోనని ఇంకోసారి మెరుగుపరిచాడు. టపామని పోయింది. రెండోదీ పోయింది. భార్య వంగి ముక్కలన్నీ ఏరింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆయనకి కొత్త. మూడో పలకమీద ఒకే గీత గీసి, కలం పక్కనపెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"విరువు," అన్నాడు మేనమామ.

"సరిగా పడిందంటావా?"

"నీకెందుకు? విరువు."

విరిచాడు. దారం తెగినట్టు తెగింది.

సాయంత్రం వెలుగు తగ్గగానే మేనమామ పని ఆపించేసేవాడు. అలిసిన కన్నుతో గాజు జోలికి పోకూడదట. ఇన్నాళ్లూ ఆయన కొట్టు ఐదున్నరకే మూసేది బద్ధకంవల్ల అని చార్టాయన అనుకునేవాడు. ఆదివారం కూతురు వచ్చి ఫ్రేముల వెనక పేపరు అతికించింది. తండ్రితో మాట్లాడలేదుగాని, మూలలు చక్కగా మడిచింది. మధ్యాహ్నం మూడింటికి ఇరవైమూడూ గోడవారన నిలబడ్డాయి. మేనమామ వాటిమీద ఒక పొడుగాటి పట్టీని అడ్డంగా పరిచాడు. పట్టీ ఎక్కడా లేవలేదు, ఎక్కడా కుంగలేదు. ఆయన దాన్ని తీసి యథాస్థానంలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

సోమవారం ఉత్సవంలో ప్రధానోపాధ్యాయుల గురించి గంటన్నర మాట్లాడారు. ఫ్రేముల గురించి ఒక్కరు కూడా మాట్లాడలేదు. మొదటాయన మనవలు వరుస ముందు నిలబడి ఫోటో దిగారు. పెద్ద మేడం ఆ పక్కగా వెళుతూ చార్టాయనని చూసి తల ఒక్కసారి ఊపింది. వెనక వరుసలో కూర్చున్న కూతురు పక్క పిల్లతో ఏదో చెబుతూ గోడవైపు వేలు చూపించింది. ఏం చెప్పిందో ఆయనకి వినపడలేదు. రెండోసారి కూడా చూపించింది కాబట్టి మరీ చెడ్డమాట కాకపోవచ్చు.

మంగళవారం పొద్దున మందుల షాపాయన టేపు పట్టుకుని వచ్చాడు. ఆర్నెల్లు ఆ రోజుతో సరి. చార్టాయన బల్ల దగ్గర ఎవరిదో కుటుంబ ఫోటోకి పట్టీ కోస్తున్నాడు. నిన్న బడి హాల్లో అడిగి, ఇవాళ ఎనిమిదింటికల్లా వచ్చి ఇచ్చి వెళ్లారు. గుమ్మం దగ్గర కూర్చున్న మేనమామవీ, వచ్చినాయనవీ మాటలు వినబడుతూనే ఉన్నాయి. తల ఎత్తలేదు, రంపం మాత్రం నెమ్మదించింది.

"పెద్దాయనా, మరి గోడ సంగతి?"

"ఇవ్వను," అన్నాడు మేనమామ.

"అదేమిటండీ? పిల్లాడు నిలబెట్టలేకపోతే ఇస్తానన్నారుగా. బడిలో ఏదో గొడవ కూడా అయిందని విన్నాను."

"అయింది. ఆ తర్వాత మూడు రోజులు పక్కనే కూర్చుని చూశాను. మూడు రోజుల్లో వీడు రెండు గాజుపలకలు తప్ప ఒక్కటంటే ఒక్కటి కూడా మెరుగుపరచలేదు. ఇక పనికొస్తాడు."

మందుల షాపాయనకి ఇది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు. టేపు చుట్టుకుంటూ చార్టాయన వైపు చూశాడు. చార్టాయనకీ పూర్తిగా అర్థం కాలేదు. ఆ మాట ఆయన్ని ఆ పూటంతా కాస్త బాధపెట్టింది కూడా. కాని చేతిలో ఉన్న పట్టీని చెక్కకి ఆనించి కోశాడు, రెండోది ఆనించి కోశాడు. పదింటికి ఒకావిడ గుమ్మం ముందు ఆగి, లోపలికి రావచ్చా అని భయంభయంగా అడిగింది.

"రండమ్మా," అన్నాడు.